లెగసీ స్టాండర్డ్ బైబిల్ రివ్యూ: తెలుగు బైబిల్ ఉన్నవాళ్లకు ఇది ఎంతవరకు అవసరం?

ఇంగ్లిష్ బైబిళ్లలో ‘దేవుని అసలు పేరు’ మాట ఎత్తగానే ఇప్పుడు వినిపించేది లెగసీ స్టాండర్డ్ బైబిల్, పొట్టిగా ఎల్‌ఎస్‌బీ. పూర్తి బైబిల్‌గా 2021లో వచ్చింది. 1995 నాటి న్యూ అమెరికన్ స్టాండర్డ్ పాఠాన్ని కాలిఫోర్నియాలోని మాస్టర్స్ యూనివర్సిటీ, సెమినరీ అధ్యాపకులు సవరించి తయారుచేశారు. ప్రచారంలో అన్నిటికన్నా ముందు చెప్పేది ఒకటే: పాత నిబంధనలో దేవుని పేరు ఉన్న ప్రతిచోటా ‘లార్డ్’ తీసేసి ‘యాహ్వే’ అని వేశారు.

పేరు కోసమే కొనాలనుకుంటే తెలుగువాళ్లకు దీని అవసరం లేదు. ఆ పేరు బైబిల్ సొసైటీ వారి పాత అనువాదంలో తాతల కాలం నుంచీ ‘యెహోవా’ రూపంలో అచ్చవుతూనే ఉంది. పుస్తకం మాత్రం మంచిదే. కొనదగ్గ కారణాలు వేరే ఉన్నాయి.

ఇంగ్లిష్ పాఠకుడికి ఇది ఎందుకంత పెద్ద వార్త అయిందో ముందు చూడాలి. హెబ్రీ పాఠంలో నాలుగు హల్లుల (య-హ-వ-హ) ఆ పేరు సుమారు 6,800 సార్లు వస్తుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ దాన్ని దాదాపు అంతటా క్యాపిటల్ అక్షరాల ‘లార్డ్’గా మార్చేసింది. ‘జెహోవా’ అని విడిగా ఉంచింది నాలుగే చోట్ల: నిర్గమ 6:3, కీర్తన 83:18, యెషయా 12:2, 26:4. ఇవిగాక ‘యెహోవా యీరే’ లాంటి మూడు స్థలాల పేర్లు. మామూలు అక్షరాల్లో ‘లార్డ్’ ఉంటే అదోనాయ్ (హెబ్రీలో ‘ప్రభువు’) అని, అన్నీ క్యాపిటల్స్‌లో ఉంటే ఆ నాలుగు హల్లులని పాఠకుడు అక్షరాల సైజు చూసి పోల్చుకోవాలి. చదివి వినిపిస్తే ఆ తేడా కూడా పోతుంది.

తెలుగు లిపిలో క్యాపిటల్ అక్షరాలే లేవు కాబట్టి ఈ కిటుకు ఇక్కడ పనిచేయదు. యెహోవా అని వేయాలి, లేదా ప్రభువు అని వేసి తేడాను వదులుకోవాలి. మనవాళ్లు మొదటి దారి పట్టారు. ఇప్పుడు ఇండియన్ రివైజ్డ్ వెర్షన్‌లోనూ, సులభ భాషలో వచ్చిన ఈజీ టు రీడ్ అనువాదంలోనూ యెహోవాయే ఉంది. ‘చర్చిలు పేరును దాచిపెట్టాయి’ అనే ఆరోపణ ఇంగ్లిష్ బైబిళ్ల మీద పుట్టింది. దాన్ని తెలుగులోకి దించి మన బైబిల్ మీద వేస్తే అతకదు.

ఎల్‌ఎస్‌బీ వంశవృక్షం సరదాగా ఉంటుంది. 1901లో అమెరికన్ స్టాండర్డ్ వెర్షన్ ధైర్యంగా అంతటా ‘జెహోవా’ వేసింది. దాన్ని సవరించిన రివైజ్డ్ స్టాండర్డ్ 1952లో మళ్లీ ‘లార్డ్’కి వెళ్లిపోయింది. అదే 1901 పాఠం మీద కట్టిన న్యూ అమెరికన్ స్టాండర్డ్‌దీ అదే దారి. ఇప్పుడు దాని కొడుకైన ఎల్‌ఎస్‌బీ తాతగారి పద్ధతికి తిరిగొచ్చింది, ఉచ్చారణ ఒక్కటే మార్చుకుని. మిగతావాళ్లు ఈలోగా వెనక్కి నడుస్తున్నారు. హోల్మన్ క్రిస్టియన్ స్టాండర్డ్ కొన్ని వందల చోట్ల ‘యాహ్వే’ పెట్టి, 2017లో పేరు మార్చుకుని వచ్చినప్పుడు తీసేసింది. కేథలిక్కుల జెరూసలేం బైబిల్ 1966 నుంచి ‘యాహ్వే’ వాడింది. ఆరాధనలో ఆ పేరు పలకవద్దని 2008లో వాటికన్ లేఖ వచ్చింది. 2019 నాటి సవరణలో అది కూడా ‘లార్డ్’ అయింది.

‘యెహోవా’ తప్పా, ‘యాహ్వే’ ఒప్పా? హెబ్రీ రాత హల్లుల రాత. గుణింతాలు తీసేసిన తెలుగు పేజీ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. యూదులు ఆ పేరు పలకడం మానేసి అక్కడ ‘అదోనాయ్’ అని చదివేవారు. అచ్చు గుర్తులు చేర్చిన మసోరెతు లేఖకులు ఆ నాలుగు హల్లులకు అదోనాయ్ అచ్చులు తగిలించారు, ‘ఇక్కడ అదోనాయ్ అని చదువు’ అని గుర్తుచేయడానికి. అదోనాయ్ మొదట్లోని పొట్టి ‘అ’కారం, యోద్ అనే ‘య’ హల్లు కింద మామూలు షెవా (పొట్టి అచ్చు గుర్తు) అవుతుంది కాబట్టి ‘యె’ వచ్చింది. తర్వాత ‘ఓ’, ‘ఆ’. ఆ గుర్తులను ఉన్నదున్నట్టు కలిపి చదివితే యెహోవా. 13వ శతాబ్దపు లాటిన్ రచనల్లో ఈ రూపం కనిపిస్తుంది. 1530లో బైబిల్ అనువాదకుడు టిండేల్ దీన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. 1008 నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతి అనే హెబ్రీ చేతిరాత బైబిల్లోనైతే చాలాచోట్ల మధ్యలోని ‘ఓ’ గుర్తు కూడా ఉండదు.

‘యాహ్వే’ కూడా ఎక్కడో రాసి పెట్టి దొరికింది కాదు. సమరయులు ‘ఇయాబె’ అంటారని 5వ శతాబ్దంలో థియొడొరెట్ అనే క్రైస్తవ బిషప్పు రాశాడు. తొలినాటి క్రైస్తవ రచయిత అలెగ్జాండ్రియా క్లెమెంట్ గ్రీకులో ఇచ్చిన రూపం కూడా దీనికి దగ్గరే. హెబ్రీ క్రియారూపాల లెక్క, ‘యా’ అనే పొట్టి రూపం, ఇవన్నీ కలిపి పండితులు నిలబెట్టిన ఉచ్చారణ అది. బలమైన ఊహే, కానీ ఊహ. కాబట్టి ఎల్‌ఎస్‌బీ ‘అసలు పేరు’ ఇచ్చిందనడం కన్నా, పేరు ఉన్న చోటును ఇంగ్లిష్‌లో కనబడేలా చేసిందనడం న్యాయం. ఆ పని మన పాత అనువాదం ముందే చేసింది.

ఏ బైబిల్‌నైనా కొనే ముందు కొన్ని వచనాలు తెరిచి చూస్తే దాని పద్ధతి పది నిమిషాల్లో తెలుస్తుంది. మొదట కీర్తన 14:2, దాని పక్కన 53:2. రెండూ దాదాపు ఒకే కీర్తన, కానీ హెబ్రీలో 14లో ఆ పేరు, 53లో ఎలోహీమ్ (దేవుడు) ఉంటుంది. పాత అనువాదంలో ఒకచోట యెహోవా, మరోచోట దేవుడు అని తేడా నిలిచింది. ఎల్‌ఎస్‌బీలోనూ నిలిచింది. తర్వాత యెహెజ్కేలు 2:4. హెబ్రీలో ‘అదోనాయ్’, వెంటనే ఆ పేరు వస్తాయి. ‘లార్డ్’ వాడే బైబిళ్లు ఇక్కడ ‘లార్డ్ లార్డ్’ అనలేక రెండోదాన్ని ‘గాడ్’ చేస్తాయి. పాఠకుడు అక్కడ ఎలోహీమ్ ఉందనుకుంటాడు. ఎల్‌ఎస్‌బీ ‘లార్డ్ యాహ్వే’ అంటుంది. మనది ‘ప్రభువగు యెహోవా’. ఒక్క యెహెజ్కేలులోనే ఈ జంట రెండు వందలకు పైగా చోట్ల ఉంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మూడోది కీర్తన 110:1. అక్కడ మాట్లాడేవాడికి ఆ పేరు, వినేవాడికి ‘అదోనీ’ అనే మామూలు గౌరవపదం ఉన్నాయి. మీ చేతిలోని బైబిల్ ఆ రెండు మాటలకూ ‘ప్రభువు’ అనే వేస్తే, మత్తయి 22లో యేసు పరిసయ్యులను అడిగిన ప్రశ్న సగం మసకబారుతుంది.

ఇప్పుడు యెషయా 12:2. ఎల్‌ఎస్‌బీకి తెలుగు పాఠకుడు డబ్బు పెట్టదగ్గ కారణం ఇక్కడుంది. హెబ్రీలో ‘యా’ అనే పొట్టి పేరు, దాని వెంట పూర్తి పేరు వరసగా వస్తాయి. పాత అనువాదం ‘యెహోవా యెహోవాయే నాకు బలము’ అంటుంది. రెండూ ఒకటే రూపం. ఎల్‌ఎస్‌బీ ‘యా’ను విడిగా ఉంచి, పక్కన ‘యాహ్వే’ వేసింది. కీర్తనలు 146 నుంచి 150 వరకు మనం ‘యెహోవాను స్తుతించుడి’ అని చదివే చోట అది ‘యాను స్తుతించండి’ అనే అర్థం వచ్చేలా రాసింది. రోజూ నోటితో పలికే హల్లెలూయాలోని చివరి అక్షరం ఏమిటో అక్కడ బయటపడుతుంది. పాటలు రాసేవాళ్లు, కీర్తనల మీద బోధించేవాళ్లు ఈ ఒక్క తేడా కోసమైనా పక్కన పెట్టుకోవచ్చు.

కొత్త నిబంధన దగ్గర గొడవ వేరు. యోవేలు 2:32లో యెహోవా నామము, దాన్నే ఎత్తి చెప్పిన రోమా 10:13లో ప్రభువు నామము. యెహోవాసాక్షుల కొత్త లోక అనువాదం తెలుగులోనూ దొరుకుతుంది. అది రెండోచోట కూడా యెహోవా అనే వేస్తుంది. కొత్త నిబంధనలో ఇలాంటివి మొత్తం 237. ఇందుకు వాళ్లు చూపే ఆధారాల్లో ఒకటి తీసిపారేయదగ్గది కాదు: ఫువాద్ 266 లాంటి క్రీస్తుపూర్వపు గ్రీకు పాత నిబంధన ముక్కల్లో ఆ పేరు హెబ్రీ అక్షరాల్లోనే కనిపిస్తుంది. కానీ అది పాత నిబంధన ప్రతి. కొత్త నిబంధన గ్రీకు ప్రతులు ఐదు వేలకు పైగా ఉంటే, ఒక్కదానిలోనూ ఆ నాలుగు హల్లులు లేవు. ప్రకటన 19లోని ‘హల్లెలూయా’లో దాగిన ‘యా’ తప్ప. పైగా రోమా 10:9లో యేసును ప్రభువని ఒప్పుకోమన్న పౌలు, నాలుగు వచనాలు దాటాక అదే మాట వాడాడు. అక్కడ పదం మారిస్తే వాదన దారం తెగిపోతుంది. ఎల్‌ఎస్‌బీ కొత్త నిబంధనలో చేయి పెట్టకుండా ‘లార్డ్’ అనే ఉంచడం సరైన నిర్ణయం. అయితే పాత నిబంధనలోనూ కొత్త లోక అనువాదం ఒక అడుగు ముందుకేస్తుంది. లేఖకులు పేరును అదోనాయ్‌గా మార్చారని మసోరా (మసోరెతు లేఖకుల అంచు గమనికలు) చెప్పే 134 చోట్ల తిరిగి యెహోవా పెడుతుంది. ఆదికాండము 18:3 వాటిలో మొదటిది. రెండు బైబిళ్లు పక్కపక్కన పెట్టుకుని తికమకపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

‘ద స్క్రిప్చర్స్’ అని దక్షిణాఫ్రికా నుంచి వచ్చే పవిత్రనామ బైబిల్ (దేవుని పేరును హెబ్రీ రూపంలోనే ఉంచాలనే వర్గాలది) గురించి రెండు ముక్కలు. అది పేరును ఏ ఉచ్చారణలోనూ రాయకుండా హెబ్రీ అక్షరాల్లోనే అచ్చువేస్తుంది. 2009 ఎడిషన్‌లోనైతే ప్రాచీన హెబ్రీ లిపిలో. నిజాయితీ ఉన్న పద్ధతే, కానీ పైకి చదివేటప్పుడు ప్రతి రెండో వాక్యంలో నోరు ఆగిపోతుంది. కుటుంబ ప్రార్థనకు పనికిరాదు.

ఈ పవిత్రనామ వర్గాల నుంచి తెలుగు వీడియోల్లోకి వచ్చిన వాదన ఒకటుంది: ‘జె అక్షరం పుట్టి ఐదొందల ఏళ్లే, కనుక జెహోవా, జీసస్ కల్పితాలు’ అని. తెలుగులో యెహోవా, యేసు రెండూ ‘య’తోనే మొదలవుతాయి. ఆ వాదనకు ఇక్కడ నిలబడే నేలే లేదు. యేసు అన్నది గ్రీకు దేవుడు జ్యూస్ పేరు నుంచి వచ్చిందన్నదీ అంతే. యెహోషువ పొట్టి రూపం యేషూవ. నెహెమ్యా 8:17 హెబ్రీలో నూను కుమారుడినే అలా రాశారు. గ్రీకులో ‘ష’ లేదు కాబట్టి ‘స’ అయింది, పురుష నామానికి చివర మరో ‘స్’ చేరింది. గ్రీకు పాత నిబంధనలో యెహోషువ గ్రంథం పేరు కూడా ఈ ‘ఇయేసూస్’ అన్నదే.

పేరు కాకుండా ఎల్‌ఎస్‌బీ చేసిన రెండో పెద్ద మార్పు ‘దూలోస్’ అనే గ్రీకు మాట. ‘సర్వెంట్’ తీసేసి ‘స్లేవ్’ అన్నారు. రోమా 1:1లో పౌలు క్రీస్తు యేసుకు బానిస. మనకు ‘దాసుడు’ ముందే ఉంది కాబట్టి ఇక్కడా కొత్తదనం లేదనిపిస్తుంది. కానీ తెలుగులో దాసుడు అనగానే భక్తుడు గుర్తొస్తాడు. కొని తెచ్చుకున్న మనిషి, సొంత ఆస్తి లేని మనిషి అన్న కరకుదనం ఆ మాటలో అరిగిపోయింది. 1 కొరింథీయులకు 7:21-23 బోధించే ముందు ఎల్‌ఎస్‌బీ చూస్తే ఆ పదును తిరిగి దొరుకుతుంది.

లోపాల సంగతి: వాక్యం బిరుసుగా ఉంటుంది. పౌలు పొడుగు వాక్యాలను విడగొట్టడానికి మొహమాటపడుతుంది. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకు, పదేళ్ల లోపు పిల్లలకు దీన్ని మొదటి బైబిల్‌గా ఇవ్వొద్దు. కొనేటట్టయితే పాదసూచికలు, రెఫరెన్సులు ఉన్న ఎడిషనే తీసుకోండి. డబ్బు పెట్టే ముందు బైబిల్ గేట్‌వే వెబ్‌సైట్‌లో పైన చెప్పిన వచనాలు ఉచితంగా చదివి చూడొచ్చు.

విదేశాల్లోని తెలుగు సంఘాల్లో పెద్దవాళ్లు తెలుగు, పిల్లలు ఇంగ్లిష్ చదివే చోట అసలు ఇబ్బంది ఏమిటంటే, ఇటు ‘యెహోవా’ అని వినబడిన చోట అటు పేజీలో ‘లార్డ్’ ఉంటుంది. ఎల్‌ఎస్‌బీ ఆ చోట్లను కలుపుతుంది కానీ ఉచ్చారణ వేరుగానే ఉంటుంది. చోటూ పేరూ రెండూ కలవాలంటే 1901 నాటి అమెరికన్ స్టాండర్డ్ సరిపోతుంది, పాతకాలపు ఇంగ్లిష్‌ను ఓర్చుకోగలిగితే. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఖర్చు లేదు. దాన్నే నేటి ఇంగ్లిష్‌లోకి మార్చిన వరల్డ్ ఇంగ్లిష్ బైబిల్ పాత నిబంధనలో ‘యాహ్వే’ వాడుతుంది. అదీ ఉచితమే, కావలసినన్ని ప్రతులు అచ్చువేసి పంచుకోవచ్చు. సండే స్కూలుకు ఇరవై ముప్పై ప్రతులు కావాలంటే ఎల్‌ఎస్‌బీ కన్నా ముందు దాన్ని చూడండి.