స్లాబ్‌కి రెడీమిక్స్ బుక్ చేస్తున్నారా? ముందు పంపు సంగతి తేల్చుకోండి

హైదరాబాద్ శివార్లలో ఆరుగురం కలిసి అపార్ట్‌మెంట్ కట్టుకుంటున్నాం. నాలుగో స్లాబ్‌కి రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపి లారీల్లో తెచ్చే కాంక్రీటు), ఎం25 గ్రేడుది, 100 క్యూబిక్ మీటర్ల దాకా లెక్క తేలింది. రేటు దగ్గర రెండు రోజులు గీచి గీచి బేరమాడాం. "పంపు మాదే సార్, దాని టెన్షన్ మీకెందుకు" అన్నాడు రెడీమిక్స్ కంపెనీ మార్కెటింగ్ అతను. సరేనని వదిలేశాం. దెబ్బ తిన్నది అక్కడే.

లారీలకు పగలు ట్రాఫిక్ ఆంక్షలు కదా, రాత్రి తొమ్మిదికి మొదలైంది. పంపు నుంచి స్లాబ్ దాకా కాంక్రీటు వెళ్లే పైప్‌లైన్ తడపడానికి ముందు కొట్టే సిమెంటు స్లర్రీని బయట పారబోయాలి. వీళ్లు నేరుగా బీమ్‌లోకి వదిలారు. మేస్త్రి కేకలేసేసరికే సగం పోయింది.

ఒంటిగంటన్నరకి లైన్ జామ్. ఆపరేటర్ రెండుసార్లు రివర్స్ కొట్టి, సుత్తితో పైపు పొడవునా తట్టుకుంటూ వచ్చాడు. కింది బెండు (పైపు వంపు) దగ్గర మొద్దు చప్పుడు. టార్చి వేసి చూస్తే పైపులను కలిపే క్లాంపులో రబ్బరు గ్యాస్కెట్ లేదు, గోనెసంచి పీలిక చుట్టి ఉంది! ఆ సందులోంచి సిమెంటు పాలు కారిపోతే లోపల మిగిలేది ఉత్త కంకర. బిగుసుకోక ఏం చేస్తుంది? బెండు గోడలకైతే పాత కాంక్రీటు వేలెడు మందాన పేరుకుపోయి ఉంది.

ప్రెషర్ పూర్తిగా వదలకుండానే క్లాంపు విప్పారు. కంకర ఎగిరొచ్చి హెల్పర్ భుజానికి తగిలింది. కొంచెం పైకి వస్తే కన్నే. తిరిగి స్టార్ట్ చేసేటప్పుడు కూడా చివరి రబ్బరు హోస్ దగ్గర ఎవర్నీ నిలబడనివ్వకండి. లైన్‌లో గాలి పట్టి ఉంటే అది మనిషిని విసిరికొడుతుంది.

స్టాండ్‌బై పంపు పంపమని ఫోన్ చేస్తే అప్పుడు చల్లగా చెప్పారు, ఈ పంపు కూడా వాళ్లది కాదట, అద్దెకు తెచ్చిందట. మూడు గంటలు పని ఆగింది. కింద క్యూలో ఉన్న ఓ లారీ చలాన్ మీద లోడింగ్ టైమ్ 12:10. నాలుగింటికి డ్రైవర్ డ్రమ్ములోకి నీళ్లు పడుతున్నాడు. అదేంటంటే, "ఏం కాదు సార్, జర లూజైతే పంపు గుంజుతది" అన్నాడు. గుంజుతది, స్ట్రెంగ్త్ కూడా పోతది. రెడీమిక్స్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం, సెట్టింగ్ ఆలస్యం చేసే రిటార్డర్ కలిపితే తప్ప, లోడైన 2 గంటల్లోపు దించేయాలి. ఆ లారీని తిప్పి పంపేశాం.

ఇప్పుడు స్లాబ్ మధ్యలో గీత గీసినట్టు కోల్డ్ జాయింట్ (ముందు పోసింది బిగుసుకున్నాక పోసిన కాంక్రీటు దానితో అతకని చోటు). క్యూరింగ్‌కి నీళ్లు నిలబెడితే కింద చెమ్మ దిగుతోంది. కోర్ టెస్ట్ (స్లాబ్‌లోంచి ముక్క కోసి తీసి బలం చూసేది) చేయించమన్నాడు మా ఇంజినీరు.

పంపు ఎవరిదో, చెడిపోతే ఇంకోటి ఎన్ని గంటల్లో వస్తుందో ఆర్డర్ కాగితం మీదే రాయించుకోండి. పైపులు పగటి వెలుతురులోనే దింపించి, ప్రతి బెండులోకీ తొంగిచూడండి. బలం పరీక్షకు పోసే క్యూబులకు కాంక్రీటు మీ సైట్‌లో, మీ కళ్లముందు తీయించండి. వీలైతే ఒకట్రెండు లారీలు కాటా వేయించండి: క్యూబిక్ మీటరు దాదాపు 2,400 కిలోలు, అంటే 6 క్యూబిక్ మీటర్ల లారీలో సరుకే 14 టన్నుల పైన ఉండాలి. మేం ఒక్కదాన్నే తూచాం, అర్ధరాత్రి అంత దూరం పోయేదెవరని.

నిన్న బిల్లు వచ్చింది. తిప్పి పంపిన లారీ కూడా అందులో ఉంది. దాని చలాన్ మీద మేం సంతకం పెట్టలేదు, "రిజెక్టెడ్, 4:05" అని రాసి ఫోటో తీసి పెట్టుకున్నాం.