అమలాపురంలో కొన్న పాత అంచు చిత్రికలు

మండువా లోగిళ్ల ద్వారబంధాల మీద కనిపించే నగిషీ అంచులను యంత్రం లేకుండా తీయాలన్న కోరికతో, అమలాపురంలో పాత సామాన్లు అమ్మే ఒక చిన్న కొట్టులో గత నెల మూడు అంచు చిత్రికలను, అంటే చెక్క మీద తోసి అంచు వంపులు తీసే చేతి పనిముట్లను, 1,800 రూపాయలకు కొన్నాను. రెండు టేకువి, మూడవది బీచ్ అనే చెట్టు కర్రతో చేసిన 9.5 అంగుళాల పొడవున్న బ్రిటిష్ చిత్రిక, దాని అడుగున త్వరగా అరిగిపోకుండా గట్టి బాక్స్‌వుడ్ పట్టీ పొదిగి ఉంది.

కొనేముందు చేయవలసిన అసలు పరీక్ష ఒకటే: చిత్రికను తిరగేసి, దాని ముందు కొన వైపు నుంచి అడుగు వెంట ఒక కన్ను మూసి చూస్తే, బ్లేడు అంచూ చెక్క వంపూ ఒకే గీతగా కనిపించాలి. బ్లేడుకు పట్టిన పైపై తుప్పు వదులుతుంది. కానీ ఎవరో వంపు చెడగొట్టి నూరిన బ్లేడును మళ్లీ అడుగుకు సరిపెట్టడం రోజుల పని.

బీచ్ చిత్రికను సానబట్టి టేకు పలక మీద తోస్తే, ఉల్లిపొర వంటి పొట్టు చిత్రిక నోటిలో, అంటే అది బయటికి వచ్చే సందులో, ఇరుక్కోకుండా చుట్టలు చుట్టుకుంటూ పక్కకు జారింది. ఆ ఒక్కదానికే ఇచ్చిన ధర న్యాయమనిపించింది. టేకువాటిలో ఒకటి మాత్రం, మన డెల్టా తేమకు కాబోలు, మెలి తిరిగి ఉంది. కొట్టు మసక వెలుతురులో నేను గమనించలేదు, అమ్మినవారు ముందుగా చెప్పి ఉండవలసింది. దానిని తిరిగి ఇవ్వడానికి ఆదివారం వెళుతున్నాను.