బిల్లు పక్కాగా ఇచ్చే ప్రెస్సు, ఏలూరు రోడ్డు పక్క సందులో

2024లో మా బాబాయి ఇండిపెండెంట్‌గా అసెంబ్లీకి నిలబడ్డారు. ఏప్రిల్ 29న ఉపసంహరణలు అయ్యాకే గుర్తు వచ్చింది, మే 13న పోలింగ్. కరపత్రాలు అర్జెంటు.

ఓనరు గారు కాగితం లెక్క కంటే ముందు డిక్లరేషన్ ఫారం బల్ల మీద పెట్టారు. వేయించేవాళ్ల సంతకం, వాళ్లు తెలిసిన ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం కరపత్రం మీద ముద్రించినవాళ్ల, వేయించినవాళ్ల పేర్లు, అడ్రసులు లేకపోతే ఆర్నెల్ల వరకు జైలు. బాబాయికి చిరాకేసింది కానీ నాకు నచ్చింది. మా ముందే ఎవరో కాపీలు తగ్గించి బిల్లు రాయమంటే "కుదరదండీ" అనేశారు. జీఎస్టీ బిల్లు పక్కాగా ఇచ్చారు, ఫలితాల తర్వాత 30 రోజుల్లో ఖర్చుల లెక్క చూపేటప్పుడు అదే అక్కరకొచ్చింది.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షలు. మేం దాని ఛాయలకు కూడా వెళ్లలేదు. పార్టీ తన పేరుతో చేసే ప్రచార ఖర్చుకు మాత్రం పరిమితే లేదు! ఆ కన్నం పూడ్చకుండా మాలాంటివాళ్ల రసీదులు ఎన్నిసార్లు చూసి ఏం లాభం?

లోపాలూ ఉన్నాయి. బాబాయి ఫొటో నీలంగా పడింది, డెలివరీ ఒకరోజు లేటు, అడ్వాన్సు సగం ముందే కట్టాలి. నాలుగు స్టార్లు. బండి మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడవండి, సందులో తిప్పుకోలేరు.