అలవాటు మార్చుకోవడమా, పరీక్ష చేయించుకోవడమా: క్యాన్సర్ విషయంలో ఏది మేలు?

కళ్యాణదుర్గం దగ్గర వ్యవసాయం చేసుకునే మా చిన్నాన్న కూతురికి నలభై రెండేళ్లు. ఆమె ఊరికి ఏఎన్‌ఎం వచ్చి గర్భాశయ ముఖద్వార పరీక్షకు రమ్మన్నప్పుడు, "పొగాకు ముట్టేవాళ్లం కాదు, సంగటి తినే ఒళ్లు, నాకెందుకన్నా ఈ పరీక్షలు?" అని నన్ను అడిగింది. ఆమె భర్త, అంటే మా బావ, దీనికి పూర్తిగా ఎదురు తీరులో ఉన్నాడు. ఏటా అనంతపురం వెళ్లి రక్తపరీక్షలు చేయించుకుంటాడు గనుక, రోజంతా వక్కపొడి నమలడం మానాల్సిన అవసరం లేదని ఆయన నమ్మకం. ఒకరు అలవాటును నమ్ముకుని పరీక్షను వదిలేశారు, మరొకరు పరీక్షను నమ్ముకుని అలవాటును వదలలేదు. నా లెక్కలో ఇద్దరూ పొరబడ్డారు, ఎందుకంటే రెండింటిలో ఏది మేలన్నది మనిషిని బట్టి కాక, ఏ అవయవానికి వచ్చే క్యాన్సర్ గురించి మాట్లాడుతున్నామన్నదాన్ని బట్టి తేలుతుంది.

నోటి క్యాన్సర్ విషయంలో అలవాటు మానడానిదే పైచేయి. గుట్కా, ఖైనీ, బీడీ, మద్యం దీనికి ప్రధాన కారణాలని అందరికీ తెలుసు. తెలియనిదల్లా వక్క సంగతి. పొగాకు కలపని వక్క కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. చెన్నూరు తమలపాకులకు పేరున్న కడప ప్రాంతంలో భోజనానంతర తాంబూలాన్ని అనుమానించమంటే చాలామందికి కష్టంగానే ఉంటుంది గానీ, ఇక్కడ నేరం ఆకుది కాదు, అందులో చుట్టిన వక్కది, పొగాకుది. ఏళ్ల తరబడి వక్క నమిలేవారికి బుగ్గల లోపలి పొర గట్టిపడి, నోరు మూడు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోని స్థితి వస్తుంది, కొందరిలో అదే తర్వాత క్యాన్సర్‌గా మారుతుంది. పొగ తాగడం మానిన వారిలోనైతే నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు అయిదు నుంచి పదేళ్లలో దాదాపు సగానికి తగ్గుతుంది.

అలాగని నోటి పరీక్ష వృథా కాదు. తిరువనంతపురం ప్రాంతంలో ఆరోగ్య కార్యకర్తలు టార్చిలైటుతో నోరు చూసే పద్ధతిపై జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2005లో వెలువడ్డాయి. పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు ఈ పరీక్ష వల్ల 34 శాతం తగ్గాయి, జనాభా మొత్తం మీద చూస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ఈ పరీక్ష మా బావలాంటివారికే ఎక్కువ అవసరం, అయినా ఆయన చేయించుకునే రక్తపరీక్షల్లో అది లేదు. నోట్లో తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ ఉందా, రెండు వారాలైనా మానని పుండు ఉందా అన్నది రక్తం చెప్పదు, నోరు తెరిచి చూడాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి తక్కెడ రెండో వైపు వాలుతుంది. దీనికి దాదాపు ప్రతి సందర్భంలోనూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్ దీర్ఘకాలం శరీరంలో నిలిచిపోవడమే. అది శారీరక సంబంధం ద్వారా సోకుతుంది, దాంపత్య జీవితం ఉన్న ఎవరికైనా రావచ్చు. రాగి సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె మంచి ఆహారమే అయినా ఈ వైరస్‌ను ఆపవు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు టీకా మేలు. ముప్పై దాటిన స్త్రీకి పరీక్షే దిక్కు.

ఈ పరీక్షల్లోనూ ఎంపిక ఉంది. ముఖద్వారం నుంచి తీసిన కణాలను సూక్ష్మదర్శినితో చూసే పాప్ పరీక్షకు నిపుణులు, ప్రయోగశాల కావాలి. వీఐఏ పద్ధతిలో పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, నిమిషం ఆగి, తెల్లబడిన భాగం ఉందేమో కంటితో చూస్తారు. హెచ్‌పీవీ పరీక్ష వైరస్‌నే వెతుకుతుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో సుమారు 1,31,000 మంది మహిళలతో జరిగి 2009లో ఫలితాలిచ్చిన అధ్యయనంలో, ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష ఈ క్యాన్సర్ మరణాలను దాదాపు సగానికి తగ్గించింది, మిగతా రెండు పద్ధతులూ ఒక్కసారి చేసినంత మాత్రాన అలాంటి ఫలితం చూపలేదు. అయితే ముంబయిలో వీఐఏను రెండేళ్లకోసారి చొప్పున నాలుగు విడతలు చేసినప్పుడు మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు.

కచ్చితత్వంలో హెచ్‌పీవీ పరీక్షే ముందుంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి సిఫారసు చేస్తున్నదీ దాన్నే. కానీ ఫలితం కోసం మళ్లీ వెళ్లడమంటే పల్లె స్త్రీకి ఇంకో రోజు కూలి పోవడమే, రెండో ప్రయాణం చాలామంది చేయరు. వీఐఏలో ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది, పరికరం ఉన్నచోట అనుమానాస్పద భాగాన్ని అప్పుడే వేడితో తొలగించవచ్చు. నెలసరి ఆగిపోయిన తర్వాత మాత్రం చూడవలసిన భాగం లోపలికి జరిగిపోతుంది గనుక వీఐఏ మీద ఆధారపడలేం. అందుకే మా చెల్లెలి వయసులో, ఊరి దగ్గర దొరికేది వీఐఏ మాత్రమే అయితే, మెరుగైన పరీక్ష కోసం ఏళ్లు గడపకుండా అదే చేయించుకోవడం మేలంటాను. యాభై దాటిన మా పిన్నికి హెచ్‌పీవీ పరీక్షే చెబుతాను.

రొమ్ము క్యాన్సర్‌లో ఏ వైపూ పూర్తి గెలుపు లేదు. బరువు పెరగకుండా చూసుకోవడం, వారానికి 150 నిమిషాల నడక, బిడ్డకు పాలివ్వడం కొంత మేలు చేస్తాయి. ముంబయిలో ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో చేసిన రొమ్ము పరీక్ష, యాభై దాటిన స్త్రీలలో మరణాలను సుమారు 30 శాతం తగ్గించిందని, అంతకన్నా చిన్నవారిలో అలాంటి తగ్గుదల లేదని 2021లో తేలింది.

శెనక్కాయ పండే అనంతపురం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేసినా, పీకిన కాయ తడిసినా పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది, అది కాలేయ క్యాన్సర్ కారకం. మంచివి అమ్మేసి బూజు పట్టినవి, ముడుచుకున్నవి ఇంటి చట్నీకి ఉంచుకునే పొదుపు ఇక్కడ పనికిరాదు. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. అలాంటి కాయలను పారేయడంతోపాటు, కాలేయ క్యాన్సర్‌కు మరో కారణమైన హెపటైటిస్ బి వైరస్ సోకకుండా టీకా కూడా అవసరం.

ఇక మా బావ నమ్ముకున్న రక్తపరీక్షల ప్యాకేజీల విషయం. ఏ లక్షణమూ లేనివారికి క్యాన్సర్ సూచికలుగా రక్తంలో కొలిచే సీఏ-125, సీఈఏ వంటి పరీక్షలు క్యాన్సర్‌ను ముందుగా పట్టే సాధనాలు కావు. ఇతర కారణాలవల్ల కూడా ఆ అంకెలు పెరిగి అనవసరమైన భయం, స్కానింగులు తెచ్చిపెడతాయి. మామూలుగా ఉంటే ఉత్తుత్తి ధీమానిస్తాయి.

చెల్లెలికి శెనక్కాయ పీకే పని ముగిసిన వారంలోనే వెళ్లమని, అనుమానం ఉందంటే కర్నూలు సర్వజన ఆసుపత్రి దాకా తోడు వస్తానని చెప్పాను. బావకు మాత్రం వచ్చే ఏడాది ప్యాకేజీ మానుకుని, ఈ నెలలో వక్కపొడి మాని, ఒక్కసారి పళ్ల డాక్టరుకు నోరు చూపించమన్నాను. మొదటిదానికి ఒప్పుకున్నాడు.