తిరుపతి బాలాజీ కాలనీ నెట్ సెంటర్: పనికి వంక లేదు, భయం ఆధార్‌తోనే

షాపు పేరు రాయను, ఎందుకో కింద మీకే అర్థమవుతుంది. యూనివర్సిటీలో చదివేటప్పుడు ఇదే వీధిలో గంట లెక్కన డబ్బులిచ్చి, కర్టెన్ వేసిన క్యాబిన్‌లో కూర్చుని మెయిల్ చూసుకున్నవాణ్ణి. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక నెట్ సెంటర్ల కథ ముగిసిందనుకున్నా. ఇప్పుడు పోతే క్యాబిన్లు లేవు, కంప్యూటర్ ముట్టుకునే పనే మనకు లేదు, ఓనరన్న, ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి టకటకా కొడుతుంటారు, మనం కౌంటర్ ఇవతల నిలబడి ఓటీపీ చెప్పాలి, అంతే. పాస్‌పోర్ట్, హాల్ టికెట్, స్కాలర్‌షిప్... ఆఫీసుల ముందు క్యూ తగ్గిందేమో గానీ ఆ జనమంతా ఇక్కడికొచ్చి నిలబడ్డారు.

మా పెద్దమ్మ 300 రూపాయల దర్శనం టికెట్ కోసం పలమనేరు నుంచి వచ్చింది. అవి ఎప్పుడో నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. ఆ రోజు ఓనరన్న ముందుగానే పేర్లు, ఆధార్ నంబర్లు నోట్‌ప్యాడ్‌లో కొట్టి పెట్టుకున్నాడు. ఆన్‌లైన్ క్యూలో పడ్డాం, టైమర్ నడుస్తోంది, పెద్దమ్మ ఫోన్‌కి ఓటీపీ రాదు, ఆమెకు చెమటలు, నాకు టెన్షన్. ఆయన మాత్రం తాపీగా "ఏం గాదులేమ్మా, వస్తాది" అన్నాడు. వచ్చింది, టికెట్టూ దొరికింది. ఛార్జీ 100, ప్రింట్ అందులోనే.

నాకు ఒళ్లు మండింది ఆ ప్రింట్ దగ్గరే. ఫైలు కోసం డౌన్‌లోడ్స్ తెరిస్తే స్క్రీన్ నిండా ఊళ్లోవాళ్ల ఆధార్‌లు, పాన్ కార్డులు, ఎవరిదో పదో తరగతి మార్కుల లిస్టు. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారేమో, పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం, అంతేగా! ఆ అమ్మాయికి అది నోటికొచ్చు. మాది తీసెయ్యన్నా అంటే "మళ్లీ వస్తే పనికొస్తుందని ఉంచినాం సామీ" అన్నాడు. మోసం చేసే మనిషి కాదు, ఎన్నో ఏళ్లుగా చూస్తున్నా. కానీ ఆ కంప్యూటర్‌కి లాక్ కూడా లేదు, ఆయన టీకి పోతే ఎవరైనా కూర్చోవచ్చు. నిలబడి డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించా, వెనకున్న కుర్రాడు విసుక్కున్నా సరే.

నాలుగు స్టార్లు ఇవ్వాల్సినోడికి మూడే ఇస్తున్నా. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో ఊరికే దొరుకుతుంది, మామూలు జిరాక్సులకి అది పట్టుకెళ్లండి. పరీక్షల సీజన్‌లో అయితే సాయంత్రం పోవద్దు, గంట నిలబడాలి.