బొంబాయి ప్లేగు: గది కడగడమా, ఖాళీ చేయడమా?

1896లో బొంబాయిలోని మాండ్వి పేటలో ప్లేగు బయటపడగానే మునిసిపాలిటీ మురుగు కాలువల్లో కార్బాలిక్ అనే క్రిమిసంహారక మందు పోయించి, గదులకు సున్నం కొట్టించింది. జబ్బు ఆగలేదు. ఎందుకంటే ప్లేగు సోకిన ఎలుక చచ్చి చల్లబడితే దాని ఒంటిమీది ఫ్లీలు, ఆ రెక్కల్లేని చిన్న పురుగులు, మనిషిని పడతాయి. గోడమీది మందు కలుగులోకి చేరదు. 1905 తర్వాత ఈ జబ్బును పరిశోధించిన ప్లేగు కమిషన్ రోగమున్న గదుల్లో గినీపందుల్ని పెట్టి చూసింది. నేలకు 2 అంగుళాల ఎత్తు బోనులో ప్లేగు సోకింది, 2 అడుగుల ఎత్తున వేలాడదీస్తే సోకలేదు. ఫ్లీ అంత ఎత్తు ఎగరలేదు!

కాబట్టి ఆ రోజుల్లో గది ఖాళీ చేయడమే మేలు. అదీ ఎలుకలు రాలిన రోజే, మనిషికి గజ్జల్లో బిళ్ల కట్టాక కాదు. బొంతలు ఎండలో ఆరేయకుండా మోసుకెళ్తే ఫ్లీలూ వెంట వస్తాయి. ఖాళీ చేసినవాళ్లు తలదాచుకునే షెడ్డు మిల్లుకు దూరమైతే కూలి డబ్బు పోతుంది, కార్మికుడు మళ్లీ ఆ గదికే చేరతాడు.