ముందు మాత్రా, ముందు పరీక్షా?

శనివారం రాత్రి కండోమ్ చిరిగింది. ఆదివారం పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటే సాయంత్రానికల్లా ఫోన్‌కి ‘నెగెటివ్’ అని వచ్చేస్తుంది. హమ్మయ్య అనుకుని పడుకుంటారు. చాలామంది చేసేది ఇదే, నష్టపోయేదీ ఇక్కడే. ఆ రిపోర్టులో శనివారం రాత్రి సంగతి లేదు, అంతకు ముందు నెలల సంగతే ఉంది.

వైరస్ ఒంట్లో చేరాక పరీక్షకు దొరకడానికి వారాలు పడుతుంది. దాన్ని మందుతో ఆపడానికి ఉన్న గడువు మాత్రం 72 గంటలే. అందుకే భయపడాల్సిన సంఘటన జరిగి మూడు రోజులు దాటకపోతే నా జవాబు ఒక్కటే: ముందు పెప్ మాత్ర, అంటే ఇలాంటి సంఘటన జరిగాక హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే మందు, తర్వాతే పరీక్షల సంగతి. ఆ మూడు రోజుల్లో కూడా ఎంత ముందైతే అంత మేలు. మొదటి రెండు గంటల్లో వేసుకున్నదానికీ మూడో రోజు వేసుకున్నదానికీ చాలా తేడా ఉంటుంది. ‘రేపు డ్యూటీ అయ్యాక వెళ్తాలే’ అనుకోకూడని విషయం ఇది.

పెప్ అంటే మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన ఒకే మాత్ర. రోజుకొకటి చొప్పున 28 రోజులు. మొదటి రెండు మందులూ వైరస్ తనకు నకళ్లు చేసుకోకుండా అడ్డుపడతాయి, మూడోది అది మన కణాల్లోని డీఎన్‌ఏలో చేరకుండా ఆపుతుంది. వారం బాగానే ఉంది కదా అని మానేస్తే అసలుకే మోసం. ఇంకో చిన్న విషయం చాలామందికి ఎవరూ చెప్పరు: గ్యాస్‌కి తాగే యాంటాసిడ్ సిరప్‌తో డోలుటెగ్రవిర్ వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే ఆ సిరప్ తాగాలి. అదే ముందు తాగి ఉంటే ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు వాడేవాళ్లు కూడా డాక్టరుకి ఆ మాట చెప్పాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్, ఫిట్స్‌కి మందులు, టీబీ మందులు వాడుతున్నా చెప్పి తీరాలి, డోసు మార్చాల్సి రావచ్చు.

ఆసుపత్రిలో మొదటి రోజే రక్తం తీసుకుని హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, కిడ్నీల పనితీరు చూస్తారు. అంతకుముందే వైరస్ ఉందేమో తెలుసుకోవడానికే ఆ హెచ్‌ఐవీ పరీక్ష. రిపోర్టు వచ్చేదాకా మొదటి మాత్ర ఆపనక్కర్లేదు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు మాత్రం 28 రోజులయ్యాయని సొంతంగా మానేయకూడదు. ఈ మందులే దాన్ని కూడా అణిచి ఉంచుతాయి కాబట్టి ఒక్కసారిగా ఆపితే కాలేయం దెబ్బతినొచ్చు.

ఎక్కడికి వెళ్లాలి? పగలైతే పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్, రాత్రయితే క్యాజువాల్టీ. సూది గుచ్చుకున్న నర్సులకూ ల్యాబ్ సిబ్బందికీ, అత్యాచార బాధితులకూ పెప్ ఉచితంగా ఇస్తారు. అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే ఉచితంగా వైద్యం చేసి తీరాలని చట్టమే చెబుతోంది. మిగతావాళ్లకు డాక్టరు చీటీ రాసి బయట కొనుక్కోమనవచ్చు. అలా అంటే వాదిస్తూ కూర్చోవద్దు, మొదటి మాత్ర కొనుక్కుని వేసుకోండి. సూది గుచ్చుకుంటే ఆ చోటు పిండొద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడిగితే చాలు.

అందరికీ పెప్ అక్కర్లేదు. ముద్దుకీ, ఒకే కంచంలో తిన్నందుకూ, దోమకాటుకీ హెచ్‌ఐవీ రాదు. భాగస్వామికి హెచ్‌ఐవీ ఉన్నా, క్రమం తప్పకుండా మందులు వాడుతూ వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు అందనంత తగ్గి ఉంటే కలయిక ద్వారా సోకదు.

72 గంటలు దాటిపోయాయా? ఇక పరీక్షే దారి. వేలి కొన నుంచి చుక్క రక్తంతో చేసే ర్యాపిడ్ టెస్టు వైరస్‌ను ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను పట్టుకుంటుంది, సంఘటన జరిగాక అవి కనిపించడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. ల్యాబుల్లో నరం నుంచి రక్తం తీసి చేసే ఫోర్త్ జనరేషన్ పరీక్ష వైరస్‌లోని పీ24 యాంటిజెన్ అనే ప్రోటీన్‌ను కూడా వెతుకుతుంది కాబట్టి 18 నుంచి 45 రోజుల్లో తేలుతుంది. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష అయితే 10 నుంచి 33 రోజులు. పీసీఆరే గొప్పదని ఎగబడి వేల రూపాయలు పోయొద్దు. జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు లాంటివి ఉండి డాక్టరుకి అనుమానం వస్తే దానికి అర్థం ఉంది. మిగతావాళ్లకు ఆరు వారాలు దాటాక ఫోర్త్ జనరేషన్, మూడు నెలలకు మరోసారి చాలు. పెప్ వాడినవాళ్లకు మాత్రం ఈ లెక్క కుదరదు, మందు వల్ల ఫలితం ఆలస్యంగా బయటపడొచ్చు. డాక్టరు చెప్పిన చివరి పరీక్ష దాకా ఆగాలి. అన్నాళ్లూ కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు.

ప్రైవేటు ల్యాబా, ప్రభుత్వ ఐసీటీసీనా (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం) అని అడిగితే నేను ఐసీటీసీకే ఓటేస్తాను. డబ్బు కట్టక్కర్లేకపోవడం ఒక్కటే కారణం కాదు. అక్కడ రక్తం తీసే ముందు, ఫలితం ఇచ్చేటప్పుడు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. మొదటి కిట్‌లో తేడా కనిపిస్తే ఇంకో రెండు రకాల కిట్లతో చూశాకే పాజిటివ్ అంటారు. ఖరారైతే అటునుంచి అటే ఏఆర్‌టీ సెంటర్‌కి పంపి ఉచితంగా మందులు మొదలుపెడతారు. ల్యాబ్ నుంచి అర్ధరాత్రి ఫోన్‌లో ‘రియాక్టివ్’ (పాజిటివ్ కావొచ్చు) అన్న ముక్క చూసిన మనిషికి ఆ క్షణంలో పక్కన ఎవరుంటారు? తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ గది ముందు గర్భిణులూ టీబీ రోగులూ కూడా ఉంటారు, వాళ్లందరికీ ఈ పరీక్ష మామూలే. 2017 నాటి హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఇది ప్రైవేటు ల్యాబులకూ వర్తిస్తుంది. అయినా ఊళ్లో వెళ్లలేమంటే పక్క జిల్లా ఐసీటీసీకి వెళ్లండి. దగ్గర్లో ఎక్కడుందో 1097కి ఫోన్ చేస్తే చెబుతారు, అది టోల్‌ఫ్రీ.

తరచూ ఇదే భయంతో పెప్ కోసం పరుగెత్తాల్సి వస్తుంటే డాక్టరుని ప్రెప్ గురించి అడగండి. అది ముందు జాగ్రత్తగా రోజూ వేసుకునే మాత్ర. 28 రోజుల పెప్ పూర్తయ్యాక పరీక్షలో నెగెటివ్ వస్తే, మధ్యలో విరామం లేకుండా మర్నాటి నుంచే దాన్ని మొదలుపెట్టొచ్చు.